వజ్రఫలకం లోపలి బీటలు

అలా ఒంటినిండా మసి పూసుకుని, వంటవాడి వేషంలో హేలాపురి కోటలో జొరబడిన వేణుకాపుర యువరాజు నందకేతుడికి రాజుగారి వంటింట్లో దక్కిన మొదటి రాచమర్యాద నానబెట్టిన మినప్పప్పు గంగాళం. రెండోది, ఆ పప్పును సొంత అన్నగారి కడుపులో పోసి మెత్తగా రుబ్బమన్న ఆజ్ఞ.

అన్నగారంటే వరసకు అన్నగారు కాదు. తోడబుట్టినవాడు, చండకేతుడు. మొన్నటిదాకా మదించిన ఏనుగును తోక పట్టుకుని నిలబెట్టిన మొనగాడు. ఇప్పుడు నల్లటి రుబ్బురోలు. పొత్రం తిరిగినప్పుడల్లా అతను మూలుగుతూంటే, వంటింటి పెద్ద ఎల్లసాని "ఎంత బాగా పలుకుతుందో ఈ రోలు!" అని మురిసిపోయేది.

"తమ్ముడూ, మెల్లగా తిప్పరా! కుడి డొక్కలో పోటు," అన్నాడు చండకేతుడు, తమ్ముడికి మాత్రమే వినిపించేలా.

"రాయికి డొక్కేమిటన్నా?"

"అదే నేనూ అనుకున్నాను. అయినా పోటుంది. లోపలెక్కడో బీట పడింది. పైకి కనిపించి చావదు. నిన్న పచ్చిమిరపకాయలు నూరినప్పుడు నా శత్రువులందరికీ క్షమాభిక్ష పెట్టేశాను."

నందకేతుడు పిండి తుడిచి రోలు అంచు మీద వేలితో కొట్టి చూశాడు. ఎడమవైపు ఖంగుమంది. కుడివైపు డొల్లగా పలికింది. అతని గుండె గుభేలుమంది.

ఎందుకు గుభేలుమందో చెప్పాలి. హేలాపురి రాకుమారి లవంగికను బండభైరవుడనే మాంత్రికుడు పెళ్లాడమని అడిగాడు. ఆమె నవ్వింది. నవ్వితే నవ్వింది గాని, అతని బట్టతలను చూసి నవ్వింది. ఆ మంటతో బండభైరవుడు ఆమెను కోట మధ్యనున్న మహాశిల కడుపులో, గాజు గదిలో బంధించి ఒక షరతు పెట్టాడు. ఒక్కొక్కరికి ఒక్క ఉలిదెబ్బ. ఆ దెబ్బతో బండను తెరిచినవాడికి లవంగికను వదిలేస్తాడు. తెరవలేనివాడు వంటింటి రాయి అయిపోతాడు. బండ తెరుచుకున్న నాడు రాళ్లయినవాళ్లంతా మళ్లీ మనుషులవుతారు, కానీ ఈలోగా పగిలిన రాయి పగిలినట్టే. అలా అంగదేశపు రాకుమారుడు తిరగలి అయ్యాడు, సింహళం నుంచి వచ్చినవాడు సన్నికల్లు అయ్యాడు, కొండజాతి దొర ఒకడు, పాపం మనిషి బాగా పొట్టి, అప్పడాల పీటకు కింద ఎత్తురాయి అయ్యాడు. చండకేతుడు రోలయ్యాడు.

"ఒరేయ్ అబ్బాయ్! ఆ రోలుతో ముచ్చట్లేంట్రా?" అని కేకేస్తూ వచ్చింది ఎల్లసాని. "పప్పు కచ్చాపచ్చాగా ఉంది. గంట్లు అరిగిపోయినట్టున్నాయి. సాయంత్రం గంట్లు కొట్టేవాణ్ని రమ్మన్నాను. ఉలేసి నాలుగు పోట్లు పొడిస్తే అదే దారికొస్తుంది."

రోలు లోపలి నుంచి చిన్న కీచుమనే చప్పుడు వచ్చింది.

"అమ్మా, రేపు కొట్టించకూడదా?" అన్నాడు నందకేతుడు.

"రేపు భైరవస్వామికి అల్లప్పచ్చడి కావాలంట. నీ మొహం చూసి ఆగుతాడా ఆయన?"

కాబట్టి సాయంత్రంలోగా బండ తెరుచుకోవాలి. లేకపోతే బీటపడ్డ అన్న మీద ఉలి పడుతుంది, వేణుకాపురానికి ఏనుగుల్ని ఆపేవాడు ఉండడు. నందకేతుడు పిండి చేతులు గబగబా కడుక్కుని బండ దగ్గరికి పరుగుతీశాడు.

ఆ బండ పేరు వజ్రఫలకం. హేలాపురి నడిబొడ్డున, మణిగోపురాలనూ కలధౌత ప్రాకారాలనూ తలదన్ని, మేఘమండలాన్ని ముద్దాడుతున్న ఏకశిల. దాని ముందుమొహం నున్నగా, నిటారుగా, వేయి నిలువుటద్దాలు పేర్చినట్టు మెరుస్తూ ఉంటుంది. ప్రాతఃకాలంలో పద్మరాగ కాంతులు చిమ్మి, మధ్యాహ్నం కన్నెత్తి చూడనివ్వక, సాయంసంధ్యలో కుంకుమపూవు రంగు తిరిగి, వెన్నెల్లో పాలు పోసినట్టుండే ఆ మొహాన్ని చూడటానికే దేశదేశాల నుంచి యాత్రికులు వచ్చేవారు. ఈమధ్య రోజూ మధ్యాహ్నం దాని లోపలి నుంచి టక్, టక్, టక్ అని చప్పుడు వస్తోంది. అది మూలపురుషుడి ఆశీర్వాదమని జనం చెంపలు వేసుకుంటున్నారు.

మూలపురుషుడంటే, ఆ వంశపు తొలిరాజే ఆ బండగా మారాడని వాళ్ల నమ్మకం. పెద్దవాళ్ల ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టాలి గాని పక్కకు పోయి తొంగిచూస్తామా? అందుకే వజ్రఫలకం పక్కమొహాన్ని ఎవరూ చూడకూడదని శాసనం. రెండు పక్కలా బండంత ఎత్తున తెరలు కట్టి కాపలా పెట్టారు. చూసినవాడికి గుండు గీసి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరేగిస్తారు.

బండ ముందు ఆస్థాన శిలాపండితుడు శుక్తికర్ణుడు దారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు. బండ మొహం మీద ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి, దాన్ని దాటే బీటలెన్నో చూసి, వాటి పొడవులు కొలిచి, లోపల బీటలు ఎంత దట్టంగా ఉన్నాయో లెక్క కట్టడం ఆయన కనిపెట్టిన విద్యే.

"మొహం మీద బీటలు చాలా తక్కువ నాయనా," అన్నాడాయన నిట్టూరుస్తూ. "ఉన్నవీ జానెడు జానెడు. అంటే లోపల బండ గట్టిది. అదిగో, ఆ మధ్య గీత ఒక్కటే కాస్త పెద్దది. వచ్చినవాళ్లందరికీ అక్కడే కొట్టమని చెబుతున్నాను."

"కొట్టినవాళ్లందరూ మా వంటింట్లో ఉన్నారు పండితులవారూ."

"అదే నాకూ అర్థం కావడం లేదు," అన్నాడు శుక్తికర్ణుడు. ఆయన కళ్లలో నిజంగానే బాధ కనిపించింది.

నందకేతుడు వెనక్కి వచ్చేసరికి వంటింట్లో ప్రళయం. రాజుగారి ఫలహారానికి ఎల్లసాని రాత్రి పోసి ఉంచిన బెల్లప్పాకం దిమ్మ పీట మీద ఉంది. అందులో అరచేతి వెడల్పు కొబ్బరి రేకులు గంపెడు వేసి, చేత్తో అదిమి అదిమి పరిచిందట. ఇప్పుడు చదును కోసం దిమ్మ పైభాగాన్ని కత్తితో అడ్డంగా చెక్కి చూస్తే ఒట్టి బెల్లమే. కొబ్బరి జాడ లేదు.

"కొబ్బరంతా మింగేశావుట్రా దొంగవెధవా! ఆ నోరు తెరువు, చూస్తాను!"

"నా నోట్లో ఏముంటుందమ్మా, పొద్దుట్నుంచీ పస్తు!"

"గంపెడు రేకులు ఎగిరిపోయాయా మరి?" అంటూ అట్లకాడ ఎత్తింది.

దెబ్బ తప్పించుకోవడానికి నందకేతుడు కత్తి లాక్కుని దిమ్మను నిలువునా ఒక్క వేటు వేశాడు. రెండు ముక్కలూ పక్కకు ఒరిగాయి. కొత్తగా తెగిన ఆ మొహం నిండా తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి, చాప అల్లినట్టు. ఎల్లసాని అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది.

"ఇవెక్కణ్నుంచి వచ్చాయిరా?"

నందకేతుడు బెల్లంకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అదిమి పరిచిన రేకులన్నీ పడుకుని ఉన్నాయి. కత్తీ వాటితోపాటే పడుకుని కోసినంతసేపూ వాటి మధ్యనుంచి జారిపోయింది, తగల్లేదు. నిలబడి కోసేసరికి అన్నీ దొరికిపోయాయి. పైగా అరచేతంత రేకు కూడా తెగినచోట సన్నటి గీతలాగే కనిపిస్తోంది. కొస తగిలితే చిన్న గీత, నడుమ తగిలితే పెద్ద గీత. గీతను చూసి రేకెంతో చెప్పాలంటే మనసులో దాన్ని వెడల్పు చేసుకోవాలి. ముక్కను ఇంకోసారి కోశాడు. ఇందాకటి కత్తికి అందని చిన్న చిన్న రేకులు మరికొన్ని బయటపడ్డాయి. పెద్దవి ఎలాగూ దొరుకుతాయి, చిన్నవే లోపల దాక్కుంటాయి.

"అమ్మా! నీ చేతికి బంగారు కంకణం చేయిస్తాను!" అని కేకపెట్టి ఎల్లసాని బుగ్గ మీద ముద్దుపెట్టి పరుగెత్తాడు.

"బెల్లం పైత్యం," అంది ఎల్లసాని బుగ్గ తుడుచుకుంటూ. తరవాత చాలాసేపు తుడుచుకోవడం మానేసి అక్కడే చెయ్యి పెట్టుకుని నిలబడింది.

ముందుమొహానికి సమాంతరంగా నిలబడ్డ బీటలు ఎన్ని ఉన్నా ఆ మొహం మీద ఒక్కటీ కనిపించదు. శుక్తికర్ణుడి దారం వెయ్యేళ్లు లాగినా దానికి తగలదు. అవి కనిపించాలంటే పక్కమొహం చూడాలి. పక్కమొహం చూస్తే గుండూ గాడిదా. అయితే ఆ తెరల వెనక్కి పోవడానికి అనుమతి ఉన్న ప్రాణులు కొన్ని లేకపోలేదు. రాతిసందుల్లో మొలిచే పిచ్చిమొక్కలు తినడానికి రాజుగారి మేకల మందను రోజూ వదులుతారు.

వంటింటి దొడ్లో ఆరేసిన మేకతోలు ఒకటి తీసి కప్పుకున్నాడు నందకేతుడు. కొమ్ములు సరిచేసుకుని, నాలుగు కాళ్ల మీద వంగి, మందలో కలిసి, కాపలావాడి కాళ్ల పక్కనుంచే "మే" అంటూ తెర దూరాడు. కాపలావాడు అతని వీపు మీద ఆప్యాయంగా ఒక చరుపు చరిచాడు.

నందకేతుడు తల ఎత్తి చూశాడు. పక్కమొహం నిండా పైనుంచి కిందికి నిలువు గీతలు, అచ్చం బెల్లం దిమ్మే! తన మొలతాడు తెంపి అడ్డంగా లాగి చూశాడు. ముందు అంచుకు దగ్గరవుతున్న కొద్దీ గీతలు ఒత్తుగా ఉన్నాయి. అందులో ఒకటి, ముందుమొహానికి బారెడు లోపలగా, నెత్తి నుంచి పాదం దాకా ఏకధాటిగా దిగింది. అంటే లోపల అది గీత కాదు, ఒక మహా రేకు. ముందుమొహం మొత్తం బండకు అంటుకుని లేదు, ఆనుకుని ఉంది! మధ్యలో ఎన్ని కొడితే ఏం లాభం? తలుపును కొడుతున్నారు అందరూ. కొట్టవలసింది తలుపుకూ గోడకూ మధ్య సందులో, నెత్తి మీద.

మూల దగ్గర ముందుమొహం నుంచి పక్కమొహానికి తిరిగిన చిన్న బీటలు కూడా చూసుకున్నాడు. రెండు మొహాల మీదా వాటి వాలు చూసి లోపల ఎటు వాలాయో వేళ్లు మడిచి అంచనా కట్టాడు. కంటికి తగలనివి లోపల ఎన్నుంటాయో కూడా బెల్లాన్ని తలుచుకుని ఒక లెక్క వేసుకున్నాడు. చాలానే ఉంటాయనిపించింది. ఎక్కడుంటాయో మాత్రం తెలియలేదు. తెలిసే దారీ లేదు. సరిగ్గా అప్పుడే మందలోని పోతుమేకకు ఈ కొత్త మేక మొలతాడుతో చేస్తున్న పనులు నచ్చలేదు.

అది నాలుగడుగులు వెనక్కి వేసింది. నందకేతుడు "మే మే" అని బతిమాలాడు. పోతు వినలేదు. వెనకనుంచి తగిలిన ఆ పొడుపుకు యువరాజు మేకధర్మం మరిచిపోయి రెండు కాళ్ల మీద లేచి లంఘించాడు. ముందు రెండు కాళ్ల మేక, వెనక నాలుగు కాళ్ల మేక, వాటి వెనక ఈటెలు పారేసి కాపలావాళ్లు. కోటంతా ఒక చుట్టు చుట్టి, గడ్డివాములోంచి దూరి, ఏనుగులశాలలో తోలు వదిలేసి, నందకేతుడు ఆయాసపడుతూ వంటింట్లో పడ్డాడు. మేక ఒకటి రెండు కాళ్ల మీద నడిచిందన్న వార్త విని జోస్యులు పంచాంగం తిప్పి, ఇది దేశానికి శుభమని తేల్చారు.

శుభమే గాని ఒక చిక్కుంది. రాజు శైలేంద్రవర్మ, మంత్రులు, పురజనులు, అందరూ పోటీ చూడటానికి ముందుమొహం కిందే మండపం వేసుకుని కూర్చుంటారు. బండ తెరుచుకుంటే ఆ పలక వచ్చి వాళ్ల నెత్తినే పడుతుంది. లేవండి అని చెబితే ఎందుకంటారు. ఎందుకో చెబితే పక్కమొహం ఎప్పుడు చూశావంటారు.

"అన్నా, వాళ్లనెలా లేపను?" అన్నాడు రోలుమీద వాలి.

"నన్ను రోజూ లేపుతున్నదేదో దాంతోనే లేపు," అన్నాడు చండకేతుడు. "మూలన ఎండుమిరపకాయల బస్తా ఉంది."

"గాలి మండపం వైపే ఉంది. కానీ నువ్వు పొయ్యి పక్కనే ఉన్నావన్నా!"

"నాకు ముక్కు లేదురా. ఉన్నట్టనిపిస్తుందంతే. వెళ్లు!" అన్నాడు అన్న. రోలు గొంతులో వణుకు విని నందకేతుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా మిరపకాయలు వేయకముందే.

పొయ్యిలో బస్తా కుమ్మరించి, నిదానంగా రాజుకునేలా మీద తడి పిడకలు కప్పి, ఉలీ సమ్మెటా భుజాన వేసుకుని సభకు వచ్చాడు.

మండపంలో రత్నకంబళి మీద బండభైరవుడు పర్వతంలా కూర్చుని గారెలు తింటున్నాడు. నిప్పుకణాల్లాంటి కళ్లు, మెడలో కపాలమాల, నూనె రాసిన నున్నటి తల. మూతికి పచ్చడి.

"వంటవాడివా? నువ్వేం రాయివవుతావో చూద్దాం. మా ఇంట్లో మందులు నూరే కల్వం లేదు," అన్నాడు నవ్వి.

"నెత్తి మీదెక్కి కొడతాను స్వామీ. ఎక్కడ కొట్టాలో తమరి షరతులో లేదు కదా."

"కాలి మీద కొట్టుకో, నాకేం!"

"మహారాజా, మొహం మీద గీత ఉండగా నెత్తి మీద కొట్టడం శాస్త్రం కాదు!" అని లేచాడు శుక్తికర్ణుడు. నందకేతుడు ఆయన చెవిలో "బెల్లం దిమ్మను నిలువునా కోసి చూడండి" అన్నాడు. పండితుడు తెల్లమొహం వేసి, తన చేతిలోని దారంకేసి చూశాడు. ఆ తరవాత ఎందుకో మెల్లగా తెరల వైపు చూశాడు. ఆపైన మండపం దిగి దూరంగా పోయి నిలబడ్డాడు.

నందకేతుడు దీపం పెట్టేవాళ్ల కోసం వెనకవైపు చెక్కిన మెట్లెక్కి బండ నెత్తిమీదకు చేరాడు. కింద హేలాపురి అంతా ముగ్గులా పరుచుకుని ఉంది. ముందు అంచు నుంచి బారెడు కొలుచుకుని, నాచు గోకితే సన్నటి గీత దొరికింది. ఉలి నిలబెట్టాడు. అంతలో వంటింటి గవాక్షాల్లోంచి ఎర్రటి పొగ బయల్దేరింది.

ముందు ఒక మంత్రి తుమ్మాడు. తరవాత సేనాపతి. తరవాత సేన. రాజుగారు కిరీటం ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగందుకున్నారు. "హ్రీం... ఖ్ఖ్... హ్రాం... ఖల్ ఖల్..." అంటూ మంత్రం మింగుడుపడక కక్కుడుపడక బండభైరవుడు గారెల పళ్లెంతో సహా దొర్లుకుంటూ పోయాడు. మండపం ఖాళీ.

"అన్నా, నీ కోసం!" అని నందకేతుడు సమ్మెట దించాడు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తరవాత బండ కడుపులో ఎక్కడో బట్ట చిరిగిన చప్పుడైంది. ఆ చిరుగు పరుగెత్తింది. వజ్రఫలకం ముందుమొహం మొత్తం, వేయి నిలువుటద్దాల ఆ సౌందర్యమంతా, మర్యాదగా ముందుకు వంగి, దణ్ణం పెడుతున్నట్టు ఒరిగి, ఖాళీ మండపం మీద ఫెళఫెళార్భాటంగా కూలింది.

"తెరుచుకుంది!" అని ఎగిరి గంతేశాడు నందకేతుడు. అది చెయ్యకుండా ఉండాల్సింది. ఏ మొహానికీ తగలకుండా లోపలే దాక్కున్న చిన్న బీటలున్నాయే, లెక్కలో వేసుకున్నాడు గాని తన కాళ్ల కిందే ఉంటాయని అనుకోలేదు. నిలబడ్డ రాయి అడుగుతో సహా ఊడింది. యువరాజు, ఉలి, సమ్మెట, నాచు, అన్నీ కలిసి బండ గర్భంలోకి దిగిపోయాయి. పైనుంచి మరో రాయి జారి వచ్చి కన్నానికి బిరడాలా బిగుసుకుంది.

పడ్డచోట గాజు గోడలు మసక వెలుగుతో మెరుస్తున్నాయి. ఎదురుగా చెప్పు చేతిలో పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. మబ్బు చీల్చుకొచ్చిన మెరుపులాంటి ఆ లవంగికను వర్ణించడానికి ఇప్పుడు తీరిక లేదు, ఎందుకంటే ఆమె తిట్టడం మొదలుపెట్టింది.

"రోజూ మధ్యాహ్నం చెప్పు మడమ అరిగేలా కొడుతున్నానే, ఎవరికీ వినపడదా? ఇదిగో, లోపలి గోడ మీద బీట ఇక్కడుంది, ఇక్కడ కొట్టండి, ఇక్కడ కొట్టండి అని!"

"మేము... ఆశీర్వాదమనుకున్నాం రాకుమారీ."

"ఆశీర్వాదమా!" అని ఆమె చెప్పు విసిరింది. తగలలేదు. తప్పించుకుందామని నందకేతుడు కాలు ఎత్తబోతే లేవలేదు. కిందికి చూసుకున్నాడు. కుడికాలి బొటనవేలు నల్లగా, నున్నగా, చల్లగా ఉంది. బండ తొక్క ఊడింది గాని కడుపు తెరుచుకోలేదు. దెబ్బ అయిపోయింది. అతను కల్వం అవుతున్నాడు.

బయట బండభైరవుడు మంత్రం అందుకున్నట్టున్నాడు. "హ్రీం" అన్నప్పుడల్లా రాయి మోకాలి వైపు పాకుతోంది. దగ్గు వచ్చినప్పుడల్లా మళ్లీ వేలి దాకా జారుతోంది. మిరపపొగ ఎంతసేపుంటుందో అంతసేపే నందకేతుడి కాళ్లు నందకేతుడివి.

అప్పుడు గోడ అవతల నుంచి ఒక చప్పుడు వచ్చింది. వెనకవైపు బండను ఆనుకునే ఉంది వంటిల్లు. ఘాటు ఎంత ఉంటేనేం, గంట్లు కొట్టేవాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిలోకి దిగినట్టున్నాడు.

టక్.

"తమ్ముడో!" అన్న కేక రాతిలోంచి సన్నగా వినిపించింది.

నందకేతుడు సమ్మెట ఎత్తబోయాడు. చేతులు కూడా రాళ్లలా బరువెక్కాయి. "రాకుమారీ, అది మా అన్న. బీటపడ్డ రోలు. ఇంకో పోటు పడితే పగిలిపోతాడు. నా దెబ్బ అయిపోయింది. నేనేం చెయ్యను?" అన్నాడు.

లవంగిక తిట్టడం మానేసింది. అతని మొహంలోకి చూసింది, కాలివైపు చూసింది, గోడవైపు చూసింది. తరవాత కొంగు నడుముకు బిగించి, అతని చేతుల్లోంచి ఉలీ సమ్మెటా లాక్కుంది.

"షరతేమిటి? ఒక్కొక్కరికి ఒక్క దెబ్బ," అంది. "నా దెబ్బ ఇంకా ఎవరూ వాడలేదు."

అరిగిన మడమ గుర్తులు గుత్తులుగా ఉన్నచోట ఉలి నిలబెట్టి, ఇన్నాళ్ల కోపాన్నంతా కూడదీసుకుని, రాకుమారి సమ్మెట ఎత్తి కొట్టింది. బీట ఆమె చేతికింద మేల్కొని, గాజు గోడను నిలువునా చీల్చుకుంటూ, బండ కడుపును తెరుచుకుంటూ, తిన్నగా వంటింటి వైపు పరుగుతీసింది.